కాశీయాత్రచరిత్ర: కదిలే కుటుంబం, మజిలీ దృష్టి

వ్యాససంగ్రహం

ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రచరిత్రను ఇంతవరకు ఎక్కువగా చరిత్రకు ఆధారగ్రంథంగానో, చిన్నయసూరికి ముందరి గద్యానికి నిదర్శనంగానో చదువుతూ వచ్చారు. ఆ ప్రయాణం కుటుంబంతో, పెద్ద పరివారంతో, డేరాలతో, వంటసామగ్రితో సాగిందన్న సంగతి ఉపోద్ఘాతాల్లో ఒక వాక్యానికే పరిమితమైంది. ఆ సంగతిని కేంద్రంగా తీసుకుని చదివినప్పుడు గ్రంథంలోని అడవి, తీరం, ఊరు అన్నీ ఒక కదిలే ఇంటి అవసరాలను బట్టి రూపుదిద్దుకున్నాయని తెలుస్తుంది. ఈ చూపును ఈ వ్యాసం ‘మజిలీ దృష్టి’ అని పిలుస్తుంది. కృష్ణాజిల్లా మెట్టప్రాంతంలోని గూడుబండి తిరునాళ్ళ ప్రయాణాన్ని పోలికగా తీసుకుని, ఆ దృష్టి బలాన్నీ, అది మరుగుపరిచిన మనుషులనూ పరిశీలిస్తుంది.

కీలక పదాలు: కాశీయాత్రచరిత్ర, ఏనుగుల వీరాస్వామయ్య, యాత్రాసాహిత్యం, సకుటుంబ ప్రయాణం, మజిలీ, గూడుబండి, చందర్లపాడు.

1. ప్రవేశిక

యాత్రాసాహిత్యం అనగానే విమర్శకు మొదట తోచే మూర్తి ఒంటరి బాటసారి. భుజాన సంచి, చేతిలో కర్ర, ముందు తెలియని దారి. ఈ మూర్తికి ఇల్లు వెనక ఉంటుంది. దాన్ని విడిచి రావడమే యాత్రకు అర్థం. తెలుగువారి ప్రయాణాలలో చాలాభాగం ఇలా జరగలేదు. ఇల్లు విడిచి వెళ్ళడంకన్నా ఇంటిని వెంట తీసుకుపోవడమే ఇక్కడి అలవాటు. పెద్దలు, పిల్లలు, వంటపాత్రలు, ఉప్పు, చింతపండు, పక్కబట్టలు, పశువుల మేత, ఇవన్నీ కలిసి కదిలితేనే అది యాత్ర.

ఇలాంటి ప్రయాణాన్ని వర్ణించిన గ్రంథాన్ని ఒంటరి బాటసారి కొలతలతో చదివితే రెండు పొరపాట్లు జరుగుతాయి. మొదటిది, అందులో ప్రకృతివర్ణన తక్కువగా ఉందని, వస్తువుల జాబితాలు ఎక్కువగా ఉన్నాయని అనిపిస్తుంది. రెండవది, ఆ జాబితాల వెనక ఉన్న మనుషులు ఎవరికీ కనబడరు. కాశీయాత్రచరిత్ర విషయంలో ఈ రెండూ జరిగాయి.

2. గ్రంథం, ప్రయాణం

వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసినవాడు. 1830 మే 18న చెన్నపట్నం నుంచి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. వెళ్ళేటప్పుడు తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, మీర్జాపూరు, ప్రయాగల మీదుగా కాశీకి చేరాడు. వచ్చేటప్పుడు పాట్నా, గయ, కలకత్తా, పూరీ జగన్నాథం చూసుకుని, గంజాం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, నెల్లూరుల మీదుగా తూర్పుతీరం వెంట దిగి వచ్చాడు. పోయేదారి కొండలు, అడవులు. వచ్చేదారి నదీముఖాలు, సముద్రతీరం. ఒక్క ప్రయాణంలో రెండు రకాల భూభాగాలు ఇలా ఎదురెదురుగా నిలిచిన తెలుగు యాత్రాగ్రంథాలు అరుదు.

ప్రయాణ విశేషాలను ఆయన దినచర్యగా రాసి, మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు పంపుతూ వచ్చాడు. శ్రీనివాసపిళ్ళె 1838లో దాన్ని ప్రచురించాడు. 1869లో రెండవ ముద్రణ వచ్చింది. 1941లో దిగవల్లి వేంకట శివరావు బెజవాడ నుంచి పీఠికతో, వివరణలతో మూడవ ముద్రణ తెచ్చి, గ్రంథాన్ని మళ్ళీ పాఠకుల ముందుకు నిలబెట్టారు. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడింది. అంటే కాశీయాత్రచరిత్ర అచ్చయిన పదిహేనేళ్ళకు గాని తెలుగు గద్యం గ్రాంథిక శైలిలో స్థిరపడలేదు. ఈ కాలక్రమం గ్రంథానికి భాషాచరిత్రలో పెద్దపీట వేయించింది.

వెంట వచ్చినవారు కుటుంబసభ్యులు, పరివారం కలిసి సుమారు నూరు మంది. పెద్దలకు మేనాలు, వాటిని మోసే బోయీలు, వంటవారు, సామాను మోసేవారు, డేరాలు వేసేవారు ఉన్నారు. అంటే పదిహేను నెలలకు పైగా ఒక చిన్న పల్లె కాలినడకన దేశం తిరిగి వచ్చిందన్నమాట.

3. ఇంతవరకు జరిగిన పఠనం

విశ్వవిద్యాలయాల్లో కాశీయాత్రచరిత్రపై పరిశోధన సాధారణంగా విషయవిభజన పద్ధతిలో సాగుతుంది. రాజకీయ పరిస్థితులు, సామాజిక పరిస్థితులు, ఆర్థిక పరిస్థితులు, ఆలయాలు, భాష అని అధ్యాయాలు ఏర్పడతాయి. ప్రతి అధ్యాయానికీ గ్రంథం నుంచి సంగతులు ఏరి తెస్తారు. తిరుమలలో సేవలకు వసూలయ్యే రుసుములు ఆర్థిక అధ్యాయంలోకి, హైదరాబాదు వీధుల స్థితి రాజకీయ అధ్యాయంలోకి వెళ్తాయి. ఈ పద్ధతి నిరుపయోగమేమీ కాదు. కుంపిణీ పాలన కుదురుకుంటున్న కాలానికి ఇంత విస్తృతమైన తెలుగు సాక్ష్యం మరొకటి దొరకదు.

అయితే ఏరుకోవడంలో ఒకటి జారిపోతుంది. అది రోజుల వరుస. వీరాస్వామయ్య గ్రంథానికి ప్రాణం మజిలీ. ఈ ఊరినుంచి ఆ ఊరికి ఎన్ని ఆమడలు, దారి రాతినేలా, బురదనేలా, అడవా, చేరిన ఊళ్ళో ఇళ్ళెన్ని, అంగళ్ళున్నాయా, నీరు బావిదా చెరువుదా, కావలసిన వస్తువులు దొరుకుతాయా, దిగడానికి చోటుందా అన్న ప్రశ్నలు పేజీ తరువాత పేజీ తిరిగి తిరిగి వస్తాయి. సమాచారం వెతికే పరిశోధకునికి ఇవి పునరుక్తులు. ఒక ఇంటిని ప్రతి సాయంత్రం కొత్త నేలమీద నిలబెట్టి, తెల్లవారకముందే ఎత్తుకుపోవలసిన గృహస్థుకు ఇవే అసలు వార్తలు.

4. గూడుబండి: ఒక పోలిక

ఈ సంగతిని అర్థం చేసుకోవడానికి కృష్ణాజిల్లా మెట్టప్రాంతపు అలవాటు ఒకటి సహాయపడుతుంది. చందర్లపాడు, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. దక్షిణాన కృష్ణ, ఉత్తరం నుంచి వచ్చి అందులో కలిసే మున్నేరు, మధ్యలో పత్తి, మిర్చి పండే నేలలు. ఇక్కడి కుటుంబాలకు సకుటుంబ ప్రయాణమంటే తరతరాలుగా పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళ, వేదాద్రి నరసింహస్వామి దర్శనం. బస్సులు, ట్రాక్టర్లు రాకముందు ఈ ప్రయాణాలకు సాధనం గూడుబండి.

గూడుబండి ఒక విధమైన ఇల్లే. వెదురుబద్దలు వంచి పైన తడికె కప్పితే అది కప్పు. లోపల వరిగడ్డి పరిచి, దానిమీద బొంత వేస్తే పడక. ఆడవారు, పిల్లలు, వృద్ధులు లోపల కూర్చుంటారు. మగవారిలో చాలామంది పక్కన నడుస్తారు. బండికింద లాంతరు, వెనక మేత, లోపల బియ్యం, కుండలు, పొంగలికి బెల్లం. ఎక్కడ ఆగాలో నిర్ణయించేది దారిలోని అందం కాదు. ఎద్దులకు నీరెక్కడ, ఇరుసుకు కందెన ఎప్పుడు వేయాలి, పసిపిల్లకు పాలెక్కడ దొరుకుతాయి, మూడురాళ్ళ పొయ్యికి గాలి తగలని చోటేది అన్నవే నిర్ణయిస్తాయి. మున్నేటి ఒడ్డున బండి నిలిపి కాడి దించినప్పుడు, బండికింది నీడే ఇంటిముందు అరుగు అవుతుంది.

తిరుపతమ్మ కథ కూడా ఈ దృష్టికి దూరమైనది కాదు. ఆమె భర్త గోపయ్య మేతకోసం పశువులను అడవికి తోలుకుపోయి పులివాత పడ్డాడని కథ. అడవి ఇక్కడ చూడవలసిన దృశ్యంగా రాలేదు. మేత ఉన్న చోటుగా, ప్రాణం పోయే చోటుగా వచ్చింది. ఆ దేవతల విగ్రహాలు సైతం రెండేళ్ళకోసారి రంగులు వేయించుకోవడానికి పెనుగంచిప్రోలు నుంచి జగ్గయ్యపేటకు ఊరేగింపుగా వెళ్ళి, మళ్ళీ ఇల్లు చేరతాయి. దారిలోని ఊళ్ళు వారికి మజిలీలు. దైవాన్ని కూడా ప్రయాణించే కుటుంబంగా ఊహించుకున్న ప్రాంతమిది.

చందర్లపాడు మండలంలోని గుడిమెట్ల మరొక ఉదాహరణ ఇస్తుంది. చాగి వంశీయులు ఏలిన ఈ కొండప్రాంతానికి తొలకరి వానలు పడగానే చుట్టుపక్కల జిల్లాలనుంచి జనం వజ్రాలు వెతకడానికి వస్తారని పత్రికలు రాస్తూ ఉంటాయి. పక్కనే కృష్ణ, ఎదురుగా పల్నాడు కొండలు. వచ్చినవారి చూపు మాత్రం వాన కడిగిన మట్టిమీద ఉంటుంది. వారికి సౌందర్యదృష్టి లేదనడం అవివేకం. ఏ పనిమీద వచ్చారో ఆ పని చూపును నడిపిస్తుంది. యాత్రాగ్రంథాన్ని చదివేటప్పుడు విమర్శ మొదట అడగవలసిన ప్రశ్న ఇదే: ఈ చూపు ఏ పనిలో ఉంది?

5. అడవి: రెండు నీటివసతుల నడుమ

వీరాస్వామయ్య చూపు ఒక పరివారాన్ని క్షేమంగా నడిపించే పనిలో ఉంది. నల్లమల ప్రయాణం దీనికి మంచి సాక్ష్యం. ఆత్మకూరు వైపునుంచి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను మీదుగా శ్రీశైలానికి వెళ్ళే పాతబాట చెంచుల అడవిలోనుంచి సాగుతుంది. బండి పోని దారి అది. డోలీ, కాలినడక తప్ప మార్గం లేదు. ఈ బాట కూడా పూర్తిగా మనిషి చేయి తగలనిది కాదు. శ్రీశైల యాత్రికులకు మెట్లు కట్టించిన కీర్తి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డిది. అయిదువందల ఏళ్ళకు పూర్వమే ఆ అడవి యాత్రికుల పాదాల కొలతకు తగినట్టు మలచబడింది.

నేటి పర్యాటకుడు అడవిలో మనిషి ఆనవాలు లేని చోటు వెతుకుతాడు. కాశీయాత్రచరిత్రలో దీనికి విరుద్ధమైన వెతుకులాట కనిపిస్తుంది. అడవిలో మనిషి ఆనవాలు ఎక్కడుందో, నీరు ఎక్కడుందో, దారి చూపేవారు ఎవరో ఆయన గుర్తిస్తాడు. అడవి అంటే రెండు నీటివసతుల నడుమ ఉన్న దూరం. హైదరాబాదు దాటి నాగపూరుకు, అక్కడినుంచి జబల్పూరు మీదుగా మీర్జాపూరుకు సాగే దీర్ఘమార్గంలోనూ ఈ లెక్కే పనిచేస్తుంది. ఒక ఊళ్ళో నూరు మందికి సరిపడే బియ్యం లేకపోతే, అక్కడి చెరువుగట్టు ఎంత అందంగా ఉన్నా అది మంచి మజిలీ కాలేదు.

దీన్ని సౌందర్యలోపంగా భావించిన పాఠకులున్నారు. నిజానికి ఇది వేరొక సౌందర్యం. దట్టమైన తోపు, తియ్యని నీటిబావి, విశాలమైన మైదానం కలిసిన చోటు మజిలీ దృష్టిలో రమ్యమైన చోటు. ప్రాచీన ప్రబంధాల పురవర్ణనలో ఉద్యానం, కొలను అలంకారాలు. ఇక్కడ అవే వస్తువులు అలసిన మనుషులు దిగిన నేలమీద నిజంగా ఉన్నాయి. వర్ణన తగ్గి ప్రయోజనం పెరిగిన ఈ వాక్యం తెలుగు గద్యానికి కొత్త. ఆ కొత్తదనం వ్యావహారిక పదాలవల్ల మాత్రమే రాలేదు. ప్రతి సాయంత్రం డేరా వేయవలసిన అవసరం ఆ వాక్యాన్ని కుదించింది.

ఒక అభ్యంతరానికి ఇక్కడ సమాధానం చెప్పుకోవాలి. గ్రంథమంతా అవసరాల పట్టికే అనడం సరికాదు. వీరాస్వామయ్య మతం గురించి, సృష్టి గురించి, వర్ణధర్మాల గురించి దీర్ఘంగా చర్చిస్తాడు. ఆ చర్చలకు వీలు చిక్కేది ఎక్కువగా ఇల్లు స్థిరంగా నిలిచినప్పుడే. నడిచే రోజుల గద్యం పొట్టి వాక్యాల గద్యం. ఆగిన రోజుల గద్యం తర్కం, ధర్మవిచారం పెనవేసుకున్న గద్యం. విషయవిభజన పద్ధతి ఈ రెండింటినీ విడదీసి వేరువేరు అధ్యాయాల్లో పెట్టడంతో, ఒకే కుటుంబపు నడక, విశ్రాంతులనుంచి రెండు శైలులూ పుట్టిన సంగతి మరుగున పడింది.

6. తీరం: కరువుకు ముందరి నేల

గంగమీద పడవల వివరాలు, కలకత్తా నగరం దాటి పూరీ చేరాక గ్రంథం స్వభావం మారుతుంది. దక్షిణానికి దిగే ఈ దారిలో సముద్రం ఎప్పుడూ ఎడమచేతి వైపే. అడవిలోని భయం ఇక్కడ లేదు. సత్రాలున్నాయి, ఊళ్ళు దగ్గరదగ్గరగా ఉన్నాయి, తెలుగు వినబడుతుంది. అయినా ఈ దారి సుగమమేమీ కాదు. వంశధార, నాగావళి, గోదావరి, కృష్ణ, పెన్న, ఇవన్నీ సముద్రంలో కలిసే చోటికి చేరువలోనే దాటాలి. ఒంటరి బాటసారికి ఏరు దాటడం ఒక గడియ పని. నూరు మంది, మేనాలు, డేరాలు, వంటపాత్రలు పడవలకెక్కించి దించాలంటే ఆ పూటంతా దానికే సరి. అందువల్ల తీరమార్గంలో సముద్రంకన్నా ఏటిరేవులకే ప్రాధాన్యం పెరుగుతుంది.

ఈ భాగానికి ఉన్న చారిత్రక విలువను మజిలీ దృష్టే నిలిపింది. 1831లో వీరాస్వామయ్య చూసిన గోదావరి, కృష్ణా డెల్టాలు ఆనకట్టలకు ముందరివి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలైంది. బెజవాడ ఆనకట్ట 1855కు పూర్తయింది. అంతకంటె ముఖ్యమైనది మరొకటి. ఆయన ఇల్లు చేరిన మరుసటి ఏడే నందన నామ సంవత్సరం వచ్చింది. 1832-33 నాటి ఆ కరువును జనం డొక్కల కరువని నేటికీ తలచుకుంటారు. గుంటూరు సీమ దానివల్ల ఘోరంగా దెబ్బతిన్నది. ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఆయన ప్రయాణించిన తీరపు బాటలమీదనే ఆకలిగొన్న జనం చెన్నపట్నం వైపు నడిచారు.

గ్రంథం 1838లో అచ్చయింది. అప్పటి పాఠకుడు, ఫలానా ఊళ్ళో అన్ని వస్తువులూ దొరుకుతాయన్న మాటను ఏ మనసుతో చదివి ఉంటాడు? రాసినప్పుడు అది తోటి యాత్రికునికి చేసిన సూచన. చదివేనాటికి పోయిన సుభిక్షానికి జ్ఞాపకం. ఏడెనిమిదేళ్ళలో ఒక వాక్యం అర్థం ఇంతగా మారిన సందర్భాలు తెలుగు గద్యంలో ఎక్కువ లేవు. ఒకే తీరపు బాటమీద 1831లో సామగ్రితో కదిలిన ఒక ఇల్లు, 1833లో ఏమీ లేక కదిలిన వేలాది ఇళ్ళు. మొదటిది యాత్ర, రెండవది వలస. మొదటిదానికి గ్రంథం ఉంది. రెండవదానికి అలాంటి దినచర్య లేదు. ఈ తేడాను గుర్తుంచుకుని చదివినప్పుడే అంగళ్ళ, నీటివసతుల పట్టికల బరువు తెలుస్తుంది.

7. వండినవారు, మోసినవారు

ఇక్కడినుంచి గ్రంథాన్ని ప్రశ్నించవలసి ఉంది. ప్రయాణం సాగిన కాలం 470 రోజులకు పైమాటే. నూరు మందికి రెండు పూటలని ఉజ్జాయింపుగా లెక్కవేస్తే తొంభై వేలకు మించిన భోజనాలు. పరివారం సంఖ్య అన్నిచోట్లా ఒకేలా ఉండకపోవచ్చు. లెక్కను సగానికి తగ్గించినా అది చిన్న సంఖ్య కాదు. బియ్యం, పప్పు, కట్టెలు దొరికిన ఊళ్ళ పేర్లు గ్రంథంలో ఉన్నాయి. ఆ కట్టెలు వానలో రాజేసినవారు, అర్ధరాత్రి పాత్రలు తోమి మూటగట్టినవారు, తెల్లవారుజామున మళ్ళీ పొయ్యి పేర్చినవారు కథనంలో పాత్రలుగా ఎదగలేదు.

కుటుంబ స్త్రీల స్థితీ ఇంతే. వారు యాత్రలో ఉన్నారు. యాత్రాకథనంలో వారి స్వరం లేదు. ఉత్తరం రాసేది ఒక పురుషుడు, అందుకునేది మరొక పురుషుడు. మేనా తెరవెనకనుంచి ఆ అడవి ఎలా కనిపించిందో, పరాయిభాషల ఊళ్ళలో ఉప్పు ఏ మాటతో అడిగి తెచ్చుకున్నారో, జ్వరం వచ్చిన పిల్లలతో మజిలీ ఎలా గడిచిందో తెలుసుకోవడానికి ఆ ఉత్తరాల్లో దారి లేదు. బోయీల మాట మరింత దూరం. వారి భుజాలమీద సాగిన దూరం ఉత్తమపురుష ఏకవచన క్రియలో కలిసిపోయింది. మోసినవాడు, మోయబడినవాడు ఒకే సాయంత్రం ఒకే ఊరు చేరారు. చేరినట్టు వాక్యం చెప్పింది ఒక్కడినే.

తెలుగు వ్యాకరణం ఈ విషయంలో మంచి పనిముట్టు. ‘నేను’, ‘మేము’, ‘మనము’ అని మూడు రూపాలు ఉన్న భాష ఇది. ‘మేము’ అన్నప్పుడు పరివారం లోపలికి వస్తుంది, పాఠకుడు బయట ఉంటాడు. ‘మనము’ అన్నప్పుడు పాఠకుడైన మిత్రుడు లోపలికి వస్తాడు. ‘నేను’ అన్నప్పుడు ఇద్దరూ బయటే. గ్రంథంలో ఈ మూడు రూపాలు ఏయే సందర్భాల్లో మారుతున్నాయో మజిలీ వరుసలో పట్టిక వేసి చూస్తే, కదిలే ఇంటిలో యజమాని ఎప్పుడు ఒంటరి అవుతున్నాడో, ఎప్పుడు కుటుంబంలో ఒకడవుతున్నాడో తేలుతుంది. కష్టమైన దారిలో ‘మేము’ పెరుగుతుందా, దర్శనం దగ్గర ‘నేను’ పెరుగుతుందా అన్నది పరిశోధించదగిన ప్రశ్న.

వీరాస్వామయ్యను నేటి న్యాయస్థానంలో నిలబెట్టడం దీని ఉద్దేశం కాదు. ఆయన నూరు మందిని అంతదూరం తీసుకువెళ్ళి తెచ్చిన బాధ్యతగల గృహస్థు. పరివారం పడే ఇబ్బందిని ఆయన లక్ష్యపెట్టలేదనడానికీ వీల్లేదు. నీటివసతి గురించి అంత శ్రద్ధ ఆ బాధ్యతనుంచి వచ్చినదే. అయినా బాధ్యత వేరు, స్వరం వేరు. గూడుబండి ప్రయాణంతో పోల్చినప్పుడు ఈ తేడా స్పష్టమవుతుంది. తిరునాళ్ళకు ఏ రోజున బయలుదేరాలో, పొంగలి ఎక్కడ పెట్టాలో, ఏ మొక్కు ముందు చెల్లించాలో నిర్ణయించడంలో ఇంటి ఇల్లాలి మాటకు విలువ ఎక్కువ. ఆ ప్రయాణాల కథలను తరువాతి తరాలకు చెప్పిందీ ప్రధానంగా స్త్రీలే. అవి అచ్చుకెక్కలేదు. అచ్చుకెక్కిన కాశీయాత్రలో స్త్రీల మాట లేదు. యాత్రాసాహిత్య చరిత్రను ముద్రితగ్రంథాలతో మాత్రమే రాస్తే ఈ లోటు శాశ్వతమవుతుంది.

8. తరువాతి రూపాలు

ఇరవయ్యో శతాబ్దంలో రైలు, బస్సు వచ్చాక ఇల్లు వెంట తీసుకుపోవలసిన అవసరం తగ్గింది. యాత్రారచన క్రమంగా వ్యక్తి అనుభవానికి దగ్గరయింది. ఆచార్య మాచవరపు ఆదినారాయణ పాదయాత్రల పుస్తకం ‘భ్రమణకాంక్ష’ ఈ ధోరణికి బలమైన ఉదాహరణ. అందులో నడిచేవాడే మోసేవాడు; వీరాస్వామయ్య గ్రంథంలో విడిపోయిన రెండు పనులు ఒకే శరీరంలో కలిశాయి. ఒంటరి నడక నైతికబలం అక్కడ ఉంది. అయితే ఆ నడకను ప్రమాణంగా తీసుకుని పూర్వపు సకుటుంబయాత్రలను తక్కువ చేయడం విమర్శకు తగదు.

కదిలే ఇల్లు తెలుగు ఊహలోనుంచి పోలేదు. 1973లో బాపు, ముళ్ళపూడి వెంకటరమణల ‘అందాల రాముడు’, 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’, రెండూ భద్రాచలం దారిలో గోదావరి నీళ్ళమీద తేలే ఇంటి కథలే. ఆ పడవల్లో వంట ఉంది, తగవు ఉంది, అంతస్తుల తేడా ఉంది. పాపికొండలు వెనక కదులుతూ ఉంటే ముందు ఒక సంసారం నడుస్తుంది. సినిమాకు తెలిసిన ఈ సంగతి యాత్రాసాహిత్య విమర్శకు ఇంకా పట్టుబడలేదు.

ఇప్పుడు కారవాన్ మాట వినబడుతోంది. తెలుగువారికి ఈ పదం చాలాకాలం షూటింగ్ చోట నటులు విశ్రమించే బండి పేరుగానే తెలుసు. పడక, పొయ్యి, నీళ్ళతొట్టి అమర్చిన అలాంటి బండిలో పిల్లాపాపలతో సముద్రతీరాలకు, అడవులకు వెళ్ళే కుటుంబాల ముచ్చట కొత్తగా మొదలవుతోంది. విదేశాల్లోని తెలుగు కుటుంబాలకు ఇది మరికొంత పరిచితం. దీన్ని పడమటి దేశాల దిగుమతిగా మాత్రమే చూస్తే గూడుబండిని మరచినట్టే. కారవాన్ యాత్రల గురించి రేపు వచ్చే తెలుగు రచనలను కూడా ఈ వ్యాసం లేవనెత్తిన ప్రశ్నలే పలకరిస్తాయి. బండి ఎక్కడ ఆగాలో నిర్ణయించింది ఎవరు? కిటికీలోనుంచి దృశ్యం చూసింది ఎవరు? ఆ వేళకు పొయ్యి దగ్గర ఉన్నది ఎవరు?

9. ముగింపు

కాశీయాత్రచరిత్రను సమాచారపు గనిగా తవ్వడం చాలాకాలంగా సాగుతోంది. దాన్ని ఒక కుటుంబం కదలికగా, మజిలీ తరువాత మజిలీగా చదవడం మొదలుపెడితే మూడు ఫలితాలు కలుగుతాయి. పునరుక్తులుగా కనిపించిన పట్టికలు గ్రంథపు అసలు నిర్మాణంగా తేలతాయి. అడవి, తీరం గురించిన వర్ణన కొరత అనుకున్నది భిన్నమైన సౌందర్యదృష్టిగా అర్థమవుతుంది. ఆ దృష్టి ఎవరి శ్రమమీద నిలబడిందో, ఎవరి మాటను వినిపించలేదో అడగడానికి వీలు కలుగుతుంది.

ఈ మూడవ పని గ్రంథాలయంలో కూర్చుని చేయగలిగింది కాదు. చందర్లపాడు నుంచి మున్నేటి ఒడ్డుదాకా గూడుబండిలో వెళ్ళిన తరం ఇంకా కొంత మిగిలి ఉంది. వారిలో ఎక్కువమంది స్త్రీలు, ఎక్కువమంది ఎనభైకి చేరువైనవారు. ఏ చెట్టుకింద కాడి దించారో, ఏ బావినీళ్ళతో పప్పు ఉడికిందో, ఏ వాగు దగ్గర భయపడ్డారో వారికి తెలుసు. వీరాస్వామయ్య తన మజిలీలను రాసిపెట్టాడు కాబట్టి అవి రెండు శతాబ్దాలు నిలిచాయి. వీరి మజిలీలు రాసిపెట్టడానికి పరిశోధకులకు ఉన్న వ్యవధి కొద్ది ఏళ్ళే.